ఆపరేషన్ తర్వాత నీరు పట్టినప్పుడు నాకు తోడున్నవాళ్లందరికీ

వీళ్లందరికీ విడివిడిగా ఎప్పుడో థాంక్స్ చెప్పాను. అయినా పదిమందిలో చెప్పాలని ఈ పోస్టు రాస్తున్నాను.

నేను చేయించుకున్నది టమ్మీ టక్, అంటే పొట్ట మీద సాగిపోయిన చర్మాన్ని తీసేసి, విడిపోయిన కండరాలను దగ్గరకు లాగి కుట్టే ఆపరేషన్. మావాళ్లలో ఇద్దరు ముగ్గురు "హెర్నియా అని చెప్పెయ్, ఎవరూ ఏమీ అడగరు" అన్నారు. నా మంచి కోరే చెప్పారు, కాదనను. కానీ ఆపరేషన్ తర్వాత నాకు నీరు పట్టింది. అప్పుడు నిజం తెలిసినవాళ్లే సరైన సాయం చేయగలిగారు. దాచి ఉంటే వీళ్లలో సగంమంది నా దగ్గరికి వచ్చేవాళ్లే కాదు. అందుకే ఆపరేషన్ పేరు పెట్టి మరీ చెబుతున్నాను.

ఇద్దరు పిల్లలూ సిజేరియనే. రెండోవాడు పుట్టాక పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి అలాగే ఉండిపోయాయి. బరువు తగ్గాను, వ్యాయామం చేశాను. లోపలి కొవ్వు తగ్గింది కానీ వేలాడే చర్మం ఎక్కడికి పోతుంది? ఎండాకాలం వస్తే ఆ మడత కింద చెమటకి ఒరిసి పుండ్లు పడేవి. బళ్లో రోజంతా నిలబడి పాఠం చెబితే సాయంత్రానికి నడుం పట్టేసేది. పెళ్లిళ్లకి వెళ్తే "మళ్లీ విశేషమా?" అని అడిగేవాళ్లు. అందం కోసమా, ఆరోగ్యం కోసమా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. రెండింటి కోసమూనూ. రెండూ తప్పు కాదని నేను నమ్ముతున్నాను. ఇలాంటి ఆపరేషన్‌కి మామూలుగా ఇన్సూరెన్స్ రాదు కాబట్టి కొన్నేళ్లు డబ్బు కూడబెట్టుకుని విశాఖలో చేయించుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు పొట్టకి రెండు పక్కలా డ్రెయిన్లు ఉన్నాయి. సన్నటి గొట్టం, దాని చివర నొక్కి గాలి తీసేస్తే లోపలి నీటిని లాక్కునే ప్లాస్టిక్ సీసా. అందులో పడిన నీటిని రోజూ కొలిచి, పారబోసి, రాసిపెట్టాలి. వరసగా రెండు రోజులు ఇరవై నాలుగు గంటలకి 30 మిల్లీలీటర్ల లోపు పడితే తీసేస్తామన్నారు. ఆ లెక్క మా ఆయన రాసేవారు. ఒక్క పూట కూడా తప్పలేదు. డ్రెయిన్లు తీశాక ఇక గండం గడిచిందనుకున్నాం. కొద్ది రోజులకే బొడ్డు కింద ఉబ్బడం మొదలైంది. పక్కకి తిరిగితే లోపల నీళ్లు నింపిన కవరు కదిలినట్టు ఉండేది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా డాక్టరమ్మ గారికి మొదటి నమస్కారం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఉబ్బు మీద ఒక పక్క అరచెయ్యి పెట్టి రెండో పక్క మెల్లగా తట్టి చూశారు. "సెరోమా. ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. నీ వల్ల రాలేదు, నా వల్లా రాలేదు" అన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. చర్మాన్ని, దాని కింది కొవ్వుని కండరం నుంచి పక్కటెముకల దాకా విడదీసి కిందకి లాగి కుడతారట. అలా విడదీసినప్పుడు సన్నటి రక్తనాళాలతో పాటు ఒంట్లో ఊరే నీటిని మోసుకెళ్లే శోషరస నాళాలూ తెగుతాయి. పై పొర, కింది పొర మళ్లీ అతుక్కునే దాకా మధ్యలో ఖాళీ ఉంటుంది. శరీరం ఆ ఖాళీలోకి నీరు ఊరుస్తుంది. ఖాళీ తగ్గించడానికి లోపల అక్కడక్కడా కుట్లు వేశారు కూడా. అయినా కొందరికి వస్తుందట. కొద్దిగా ఉంటే ఒంట్లోనే ఇంకిపోతుంది. ఎక్కువైతే సూదితో తీయాలి. వదిలేస్తే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, చీము పట్టొచ్చు, చాలాకాలం ఉండిపోతే నీటి చుట్టూ గట్టి పొర సంచిలా కట్టి మళ్లీ ఆపరేషన్ దాకా పోవచ్చు. ఇదంతా దాచకుండా, భయపెట్టకుండా చెప్పారు. బయట కుర్చీల్లో అంతమంది పేషెంట్లు ఎదురుచూస్తుంటే ఆ బొమ్మ గీయడానికి ఆవిడ తీసుకున్న సమయం నాకు మందు కంటే ఎక్కువ పనిచేసింది. కడుపులో నీరు అనగానే మా అమ్మ లివర్ జబ్బేమో అని ఏడుపు మొదలెట్టింది. ఆ కాగితం ఫొటో తీసి పంపాకే ఊరుకుంది. ఇది చర్మం కింద చేరే నీరు, పేగులున్న చోట కాదు అని ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్ గారు. ఈవిడ గురించి ఎంత రాసినా తక్కువే. నీరు తీసిన ప్రతిసారీ పక్కన ఉన్నది ఆవిడే. పెద్ద సిరంజి, లావు సూది చూసి మొదటిసారి నాకు కాళ్లు చల్లబడ్డాయి. "పొట్ట మీద ముట్టుకుంటే తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. తెలియడం లేదన్నాను. "అందుకే సూదీ తెలియదు. నరాలు మళ్లీ మేలుకోవడానికి నెలలు పడుతుంది. ఇవాళ మాత్రం ఆ మొద్దుతనం నీకు మేలే" అన్నారు. నిజంగానే ఏదో నొక్కినట్టు తప్ప తెలియలేదు. నేను కళ్లు మూసుకుంటే "చూడమ్మా, చూస్తే భయం పోతుంది" అని సిరంజి చూపించారు. లేత పసుపు రంగు నీరు, కొంచెం ఎర్ర జీర. చీము కాదు, వాసన లేదు. ఆ రంగు చూశాక ఆ రాత్రి నిద్రపోయాను.

ఆవిడ నేర్పిన ఇంకో సంగతి ఇక్కడ తప్పకుండా రాయాలి, ఎవరికైనా పనికొస్తుంది. వాపు కదా అని ఇంట్లో కాపడం పెట్టొద్దన్నారు. మన ఇళ్లల్లో వాపు అనగానే ఉప్పు మూటో, వేడినీళ్ల సంచో సిద్ధమవుతుంది. పొట్ట మీద స్పర్శ లేనప్పుడు వేడి ఎంతుందో మనకి తెలియదు, చర్మం కాలిపోయినా తెలియదు. అలాగే నీరు పోతుందని ఎవరి చేతా నొక్కించుకోవద్దని, తైలాలతో మర్దన వద్దని చెప్పారు. ఇది ఎవరో ఒకరు చెప్తేగానీ తట్టే విషయం కాదు. అప్పటికే మా పక్కింటి మామ్మ గారు వేయించిన ఉప్పు మూట పట్టుకుని రెండుసార్లు వచ్చి వెళ్లారు. ఆవిడ ప్రేమకీ దండం.

ఒక రాత్రి ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించింది. అర్ధరాత్రి వార్డుకి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న అమ్మాయి ఎత్తింది. గొంతు బట్టి చూస్తే చాలా చిన్నపిల్ల. విసుక్కోలేదు. థర్మామీటర్ పెట్టి జ్వరం ఎంతుందో చూడమంది. కుట్ల చుట్టూ ఎర్రబడి ఆ ఎరుపు పాకుతోందా, తడి వస్తోందా, వాసన ఉందా, పొట్ట ఒక్కసారిగా గట్టిపడి ఉబ్బిందా అని వరసగా అడిగింది. చివర్లో "ఒక కాలి పిక్క నొప్పిగానీ, ఆయాసంగానీ ఉందా మేడమ్? అవి ఉంటే పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి" అంది. పిక్కలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఈ ఆపరేషన్ తర్వాత ఉంటుందని అప్పుడే గట్టిగా బుర్రకెక్కింది. పడుకునే ఉండకుండా నడుం వంచుకునైనా ఇంట్లో నడవమన్నది అందుకేనట. నాకు అవేవీ లేవు, జ్వరం కూడా 99 దాటలేదు. "నీళ్లు తాగి పడుకోండి, ఉదయం రండి" అంది. ఆ అమ్మాయి మొహం కూడా నాకు తెలియదు. తల్లీ, ఇది నీకు ఎవరైనా చూపిస్తే, నీ ఓపికకి మా ఇల్లంతా రుణపడి ఉందని తెలుసుకో.

మా అత్తయ్య గారు. పొట్ట బెల్టు బిగించడంలో ఆవిడకి మించినవాళ్లు లేరు. ఆవిడ రోజుల్లో బాలింతలకి పొట్ట చుట్టూ పాత చీర బిగించి కట్టేవాళ్లు కదా, ఆ చెయ్యి తిరిగిన తీరు బెల్టు పెట్టడంలో కనిపించేది. కింద బనియన్ గుడ్డ ముడత లేకుండా సాపు చేసి, ఊపిరి వదలమని, అప్పుడు అతికించేవారు. ముడత పడితే అక్కడ చర్మం నలిగి రక్తం అందదని డాక్టరు గారు చెప్పిన మాట ఆవిడకి ఒక్కసారికే అర్థమైంది. పై పొర, కింది పొర అతుక్కోవాలంటే ఆ బిగువు రాత్రీ పగలూ ఉండాలి. మా ఊరి ఉక్కలో ఆ బెల్టుతో బతకడం నరకం. మధ్యాహ్నం పూట నా పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవారు.

పథ్యం విషయంలో మాత్రం ఆవిడకి మొదట పట్టుదల ఉండేది. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు ఎక్కువ తాగితే నీరు ఇంకా ఊరుతుందని. డాక్టరమ్మ గారు ఆవిడనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊరే ఆ నీటిలో మాంసకృత్తులు పోతాయి, గాయం మానడానికీ అవే కావాలి, పప్పు, గుడ్లు, చేపలు పెట్టండి అని చెప్పారు. డెబ్బై దాటిన మనిషి, పుట్టినప్పటి నుంచి విన్న మాట పక్కన పెట్టడం అంత సులువు కాదు. మర్నాడే ముద్దపప్పు, చేపల పులుసు నా కంచంలో ఉన్నాయి. అత్తయ్య గారూ, మీరు నాకు చేసినవాటిలో అది చాలా పెద్దది. "ఎందుకు చేయించుకున్నావమ్మా ఇదంతా" అని మీరు ఒక్క రోజు కూడా అనలేదు. అది ఇంకా పెద్దది.

అనకాపల్లి నుంచి విశాఖకి ప్రతిసారీ కారులో తీసుకెళ్లిన మా వీధి బాబాయి గారికి. సీటు వెనక్కి వాల్చి, సీటు బెల్టు తగలకుండా పొట్ట మీద దిండు పెట్టి, స్పీడ్ బ్రేకర్ వస్తే "అమ్మాయ్, వస్తోంది" అని ముందే చెప్పేవారు. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. మా బళ్లో హెడ్మాస్టర్ గారు నా క్లాసులన్నీ కింది అంతస్తుకి మార్చారు, పుస్తకాల కట్టలు నన్ను ఎత్తనివ్వలేదు. తోటి టీచర్లకీ థాంక్స్.

బెంగళూరులో ఉన్న ఒక అక్క. నా స్నేహితురాలి ఆడపడుచు. ఆవిడకీ ఇదే ఆపరేషన్ అయింది, ఇలాగే నీరు పట్టింది. మూడోసారి తీశాక కూడా మళ్లీ ఉబ్బితే నేను పూర్తిగా కుంగిపోయాను. ఇలా తగ్గకపోతే మళ్లీ డ్రెయిన్ వేయడమో, ఆ ఖాళీ అతుక్కునేలా లోపలికి మందు ఎక్కించడమో చేస్తామని ఆస్పత్రిలో చెప్పి ఉన్నారు. అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఉబ్బిందా లేదా అని చూడకు. ఎంత తీశారో రాసుకో. క్రితంసారి కంటే తక్కువైతే నువ్వు గెలుస్తున్నట్టే." రాసుకున్నాను. నిజంగానే ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. తర్వాత సూదికి చాలినంత నీరే దొరకలేదు. ఇప్పుడు స్కానింగ్‌లో ఏమీ లేదు. అక్కా, మనం ఇంకా కలుసుకోనే లేదు. సంక్రాంతికి నువ్వు మా ఇంటికి రావాలి, అత్తయ్య గారు అప్పుడే అడుగుతున్నారు.

ఈ ఆపరేషన్ చేయించుకుని, ఎవరికీ చెప్పుకోలేక మన చుట్టుపక్కల ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. విషయం నా దగ్గరే ఉంటుంది. డాక్టరు చెప్పాల్సింది డాక్టరే చెప్పాలి, నేను పక్కన కూర్చోగలను, డ్రెస్సింగ్‌కి తోడు రాగలను. ఆదివారాలు, రెండో శనివారాలు నాకు సెలవే. బాబాయి గారిని కూడా అడిగాను, కారు తీస్తానన్నారు.