బార్ల లెక్క సరే, లీటర్ల మాటేమిటి?

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో నీళ్ళు గట్టిగా చిమ్మి కారు కడిగే ప్రెషర్ వాషర్ మెషీన్ల మీద సగం పేజీ వేశారు. ఎవరైనా సవరణ రాస్తారేమోనని నాలుగు రోజులు చూసి, ఇక ఆగలేక ఈ ఉత్తరం.

'బార్ ఎంత ఎక్కువైతే అంత మంచిది' అన్నారు (బార్ అంటే నీటి పీడనానికి కొలత). అది దుకాణంలో కుర్రాడు అనే మాట, పత్రిక అనాల్సింది కాదు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 150 బార్ గరిష్ఠ పీడనం. పనిలో నిలబడే పీడనాన్ని పక్కన చీమతలకాయంత అక్షరాల్లో వేస్తారు, చూడాల్సింది దాన్ని. కారు రంగుకి 80 నుంచి 100 బార్ చాలు. డబ్బా ఎన్ని కోతలు కోస్తోందో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. బార్‌ని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 150 బార్, 8 లీటర్లు అంటే 2 కిలోవాట్లు. అదే డబ్బా మీద మోటారు 1500 వాట్లని ఉంటుంది! మిగతా 500 వాట్లు కావేరమ్మ ఇస్తుంది కాబోలు. ఆ రెండు అంకెలూ ఒకేసారి రావన్నమాట. 100 బార్, 6 లీటర్లు అయితే సరిగ్గా 1 కిలోవాటు. పంపులో వృథా పోయేది తీసేస్తే 1500 వాట్ల మోటారుకి అది నమ్మదగ్గ లెక్క.

మోటారు సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వారానికో కారు కడిగే ఇంటికి కార్బన్ బ్రష్ మోటారు సరిపోతుంది, పావుగంట నడిపాక చల్లారనిస్తే చాలు. చప్పుడుకి పక్కింటివాళ్ళు తిట్టకూడదంటే బరువు, ధర భరించి ఇండక్షన్ మోటారు కొనుక్కోవాలి. గొట్టం 5 మీటర్లు ఇస్తారు, కారు చుట్టూ రాదు, 8 అయినా ఉండాలి. గన్‌కి తగిలించి సబ్బు నురగ చిమ్మే ఫోమ్ క్యానన్ విడిగా కొనేవాళ్ళు లోపలి రంధ్రం 1.1 మిల్లీమీటర్లదే అడగాలి. 6 లీటర్ల మెషీన్‌కి 1.25ది తగిలిస్తే నురగ బదులు పాలనీళ్ళు కారతాయి.

మీ వ్యాసకర్త ముట్టుకోని అసలు సమస్య కొళాయి. మన ఇళ్ళల్లో పోర్టికో కొళాయికి నీళ్ళు మిద్దె మీది ట్యాంకు నుంచి వస్తాయి. 6 మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే వచ్చే ఒత్తిడి అర బార్‌కి కాస్త పైన, అంతే. మెషీన్ అడిగినన్ని నీళ్ళు రాకపోతే పంపు గాలి పీలుస్తుంది, దడదడలాడుతుంది, సీళ్ళు పోతాయి. కొనేముందు 15 లీటర్ల బకెట్ పెట్టి కొళాయి పూర్తిగా తిప్పి చూడండి. రెండు నిమిషాల్లో నిండకపోతే డబ్బులు దాచుకోండి. నిండితే, వాడే ప్రతిసారీ ముందు కొళాయి విప్పి, గన్ నొక్కిపట్టి, బుడగల్లేని ధార వచ్చాకే స్విచ్ వెయ్యాలి. బోరు నీళ్ళలో ఇసుక ఉంటుంది కాబట్టి లోపలికెళ్ళే దగ్గరి జాలీ తీసి కడుగుతూ ఉండాలి. ఇక 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్ పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు దానికి కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, దాని వెనక కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. తడి చేతులతో చేసే పని కదా.

పైగా వ్యాసంతో వేసిన ఆ ఫొటో! ఎర్ర నాజిల్, తలుపుకి జానెడు దూరం. ఎరుపు సున్నా డిగ్రీల సూది ధార, సిమెంటు మరకలకి పనికొస్తుంది. కారు రంగుకి తెల్లది, అంటే 40 డిగ్రీలు, అడుగు దూరానికి తగ్గకుండా. చక్రాల మీది మడ్డికి ఆకుపచ్చది, 25. సొట్ట తీయించి మళ్ళీ రంగు వేయించిన చోట దగ్గరగా కొడితే పెచ్చు లేస్తుంది, టైరు పక్క గోడ దెబ్బతింటుంది.

ఇక నీళ్ళు. తాగునీటితో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా, మళ్ళీ దొరికితే అదనంగా రోజుకు 500 అని బెంగళూరు జలమండలి 2024 మార్చిలో ఆదేశించింది, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ చెప్పింది. సగం పేజీలో దీనికి ఒక్క వాక్యం దొరకలేదా? అధికారులూ తక్కువ తినలేదు. అపార్ట్‌మెంట్ సంపులో కావేరి, బోరు, ట్యాంకరు నీళ్ళు మూడూ కలిసే ఉంటాయి. అందులో ఏ చెంబుడు తాగునీరో ఎవరు తేలుస్తారు? ఎస్‌టీపీ నీళ్ళు, అంటే శుద్ధి చేసిన మురుగునీళ్ళు, వాడుకోమంటారు కొందరు. మొక్కలకైతే సరే, వాషర్‌లోంచి అవి తుంపరై పట్టుకున్నవాడి ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి.

వాడాల్సింది వాన నీళ్ళు. ఈ ఊళ్ళో వాన నీటి సేకరణ నిబంధన 2009 నుంచీ ఉంది. ఉప్పదనం లేని నీళ్ళు, బోరు నీళ్ళలా తెల్ల మచ్చలు పడవు. డ్రమ్ములోంచి తోడుకోగల సెల్ఫ్ ప్రైమింగ్ మెషీన్ కొంటే కొళాయి గొడవే ఉండదు. నీళ్ళు తోడే గొట్టం చివర ఫిల్టర్ ఉండాలి, మొదలుపెట్టేముందు గొట్టం నింపుకోవాలి. బెంగళూరులో కొనేవాడికి మొదట చెప్పాల్సిన గుణం ఇది. మీ పట్టికలో దానికి గడే లేదు. ఆదా మాటకొస్తే, గన్ నొక్కింది 8 నిమిషాలైతే దాదాపు 50 లీటర్లు. వదిలేసిన తోట గొట్టం కన్నా నయం, రెండు బకెట్ల కన్నా కాదు.

అసలు కారుకి ఇంత దుమ్ము ఎక్కడిది? పైపుల కోసమని తవ్వి, పూడ్చామనిపించి వదిలేసిన రోడ్లది. దారి పొడవునా కారుతూ పోయే ట్యాంకరుకి ఏ 5000 వేశారో కూడా ఒకసారి రాయించండి.

సవరణ వేస్తే మాత్రం ఆ ఎర్ర నాజిల్ ఫొటో మళ్ళీ వెయ్యకండి.

ఇట్లు,
పాత చందాదారు,
మారతహళ్ళి, బెంగళూరు