రాజీనామాకూ నామినేషన్‌కూ మధ్య ఏడాది ఉండాలి

సంపాదకులకు,

ఎన్నికల ముందు అధికారులు రాజీనామా చేసి, వారం తిరక్కుండానే పార్టీ కండువా కప్పుకోవడం మామూలైపోయింది. చట్టం దీన్ని ఆపదు. ప్రభుత్వోద్యోగం లాంటి లాభదాయక పదవిలో ఉన్నవారు చట్టసభలకు అనర్హులని రాజ్యాంగంలోని 102, 191 అధికరణాలు చెబుతాయి. ఆ పదవి వదిలి ఎన్నాళ్లయిందని మాత్రం అడగవు.

నన్ను బాధపెడుతున్నది రాజీనామాకు ముందు గడిచిన నెలలు. టికెట్టు ఒక్క రోజులో ఖాయమయ్యేది కాదు. ఆ మంతనాలు నడిచినన్నాళ్లూ ఆ అధికారి కుర్చీలోనే ఉంటాడు, జీతం తీసుకుంటాడు, సంతకాలు పెడతాడు. ప్రభుత్వ కార్యాలయంలో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. మా పై అధికారి ఒకాయన ఒక ఏడాదంతా ఒకే నియోజకవర్గంలో పర్యటనలు పెట్టుకున్నారు. ఆ వైపు ఫైళ్లే ముందు కదిలేవి. టూర్ డైరీ రాసిందీ, ప్రయాణ భత్యం బిల్లులు తయారు చేసిందీ నేనే. ఒక్క బిల్లులోనూ నిబంధన తప్పలేదు, ఆడిట్ అభ్యంతరమూ రాలేదు. తర్వాత ఆయన స్వచ్ఛంద విరమణ తీసుకుని అక్కడి నుంచే పోటీకి దిగారు. నేను రాసిన బిల్లులు దేనికి ఖర్చయ్యాయో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కేంద్ర సర్వీసుల గ్రూప్ ‘ఎ’ అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పాత కుర్చీ పలుకుబడిని కంపెనీ వాడుకోకూడదనే కదా ఆ నియమం! మరి అదే పలుకుబడితో ఓట్లు అడగబోయేవారికి ఒక్క రోజు విరామం కూడా ఎందుకు అక్కర్లేదు? విరామం ఉండాలని ఎన్నికల సంఘం 2012లో సూచిస్తే కేంద్రం ఒప్పుకోలేదు. 2022లో సుప్రీంకోర్టు ఇది చట్టసభ తేల్చవలసిన విషయమని వదిలేసింది. పార్లమెంటు దీన్ని ఇంతవరకూ పట్టించుకోలేదు.

అలాగని ఉద్యోగులందరినీ ఒకే గాట కట్టకూడదు. ఆస్ట్రేలియాలో జీతం లేని సెలవులో ఉండి పోటీ చేసి గెలిచిన ఒక ఉపాధ్యాయుడి ఎన్నిక చెల్లదని అక్కడి హైకోర్టు 1992లో తీర్పు చెప్పింది. నామినేషన్ నాటికి ఆయన ఇంకా ప్రభుత్వోద్యోగేనన్నది కారణం. నాకది మరీ కఠినంగా అనిపిస్తుంది. బడిలో పాఠం చెప్పే మనిషిని చూసి ఏ ఓటరు భయపడతాడు? జర్మనీ రాజ్యాంగమైతే అభ్యర్థికి ప్రచారం కోసం సెలవు పొందే హక్కే ఇచ్చింది. ఉపాధ్యాయులకు, నర్సులకు, నాలాంటి గుమాస్తాలకు జీతం లేని సెలవు చాలు. పోలీసు, రెవెన్యూ అధికారాలు, నిధులు మంజూరు చేసే అధికారం ఉన్నవారికి మాత్రం ఏడాది విరామం తప్పనిసరి చేయాలి.

పోటీ చేయడం పౌరుడి హక్కు కదా అని కొందరంటారు. నిజమే, ఆ హక్కును ఎవరూ తీసేయమనడం లేదు. కానీ ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో చూడండి. 2023లో మధ్యప్రదేశ్‌లో ఒక డిప్యూటీ కలెక్టర్ తన రాజీనామాను ఆమోదించమని కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చివరికి ఆమోదం వచ్చినా ఆవిడ పోటీ చేయలేకపోయారు. అంటే, పాలకులు తమకు నచ్చినవారి కాగితాన్ని రాత్రికి రాత్రే ఆమోదించవచ్చు, నచ్చనివారిది నెలల తరబడి తొక్కిపెట్టవచ్చు. అందుకే విరామంతో పాటు ఇంకో నియమం కూడా కావాలి: రాజీనామా ఇచ్చిన ముప్పై రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే ఆమోదించినట్టే లెక్కించాలి. ఏడాది గడువును రాజీనామా అందిన రోజు నుంచే లెక్కపెట్టాలి.

ఈ రెండింటినీ ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చమని మన ఎంపీలను మీ పత్రిక గట్టిగా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి