ఎస్టీబీసీ మైదానంలో నా చెయ్యి పట్టుకున్న అక్కకు

అక్కా, మీ పేరు అడగలేదు. మొన్న ఆదివారం రాత్రి, కర్నూలు ఎస్టీబీసీ కాలేజీ మైదానంలో, సువార్త పాటల కచేరీలో నా పక్క కుర్చీ మీది. ఒకాయన చరణం ఎత్తుకోవడం, బృందమంతా పల్లవి అందుకోవడం, ఉన్నట్టుండి తబలా ఆగి ఒట్టి గొంతులే మిగలడం... అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. ఆ పల్లవి మా అమ్మ పొయ్యి దగ్గర పాడేది. ఆమె పోయి నలభై రోజులు. ఫోన్‌లో ఎన్నిసార్లు విన్నా రాని కన్నీళ్ళవి. అమెరికాలో గాస్పెల్ (సువార్త) పాటల పితామహుడనే థామస్ డార్సీ కూడా 1932లో భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలోనే పాట కట్టాడట.

మీరేమీ అడగలేదు. కొంగుతో నా మొహం తుడిచి, "ఏడ్సుకో తల్లీ" అన్నారు. చివరి పాటదాకా చెయ్యి వదల్లేదు. లేచి చూసేసరికి జనంలో కలిసిపోయారు. వందనాలు అక్కా.