మా భవిత కేంద్రం బృందానికి కృతజ్ఞతలు

పుట్టిన వెంటనే ఏడవకనో, మెదడువాపు జ్వరం వల్లనో, తలకు దెబ్బ తగిలో మెదడు దెబ్బతిన్న పిల్లలకు మా మండల భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) థెరపీ చేస్తున్న అందరికీ తల్లిదండ్రుల తరఫున నమస్కారాలు. ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఉత్త థాంక్స్ అనేస్తే మాకే తృప్తిగా ఉండదు.

అన్నిటికన్నా ముందు, అందరూ కలిసి కూర్చుని ఒక్కో బిడ్డకు ఒకే లక్ష్యం పెట్టినందుకు. ఎవరికి వారు వ్యాయామాలు రాసిస్తే ఇంట్లో అమ్మ ఏదీ పూర్తిగా చేయించలేకపోతుంది. 'తనంతట తాను చెంచాతో తినాలి' అనుకున్నాక ఫిజియో మేడమ్ నడుము నిలబడటం మీద, స్పీచ్ థెరపిస్ట్ గారు మింగటం మీద పనిచేశారు. 'ఇంకా కావాలి' అనే సైగ బడిలోనూ ఇంట్లోనూ ఒకటే ఉండేలా టీచరుగారు చూసుకున్నారు.

కుర్చీలు చేసిన వడ్రంగి అన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డ కూర్చున్నప్పుడు తుంటి, మోకాలు, చీలమండ మూడూ 90 డిగ్రీల్లో ఉండాలి. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్ల సందు వదిలారు. సీటు లోతెక్కువైతే బిడ్డ ముందుకు జారి వీపు గూని పడుతుంది. పాదాలు వేలాడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది. అందుకే పిల్లలు ఎదిగేకొద్దీ కిందికి దించుకునేలా పాదాల పలకకు వరసగా బోల్టు రంధ్రాలు పెట్టారు. ఆ ఆలోచన ఆయనదే!

తల వెనక్కి వాల్చి పాలు పోయడం మాన్పించింది స్పీచ్ థెరపిస్ట్ గారే. అలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, అలా పోయినా కొందరికి దగ్గు కూడా రాదు. గడ్డం కాస్త కిందికి, పల్చటి పాల బదులు చిక్కటి రాగిజావ, తిన్నాక అరగంట కూర్చోబెట్టడం: ఇదంతా దగ్గరుండి నేర్పారు.

స్ప్లింటులో (పాదాన్నీ చీలమండనూ సరైన తీరులో పట్టి ఉంచేలా కాలికి తొడిగేది) ముందు మడమ పూర్తిగా దిగాలి, చీలమండ పట్టీ మొదట బిగించాలి, విప్పాక ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే తొడగకుండా తిరిగి తేవాలి అని ఫిజియో మేడమ్ ఓపిగ్గా చెప్పారు.

ఆయమ్మా, కాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి పడే పిల్లల్ని చంకలు పట్టి లాగకుండా, ముందు తుంటి, మోకాళ్లు వంచి, కాళ్లు ఎడంగా పెట్టి ఎత్తుకోవడం మాకు చూపించింది నువ్వే.

జూన్‌లో బడులు తెరిచేలోగా స్ప్లింట్లు చిన్నవైపోయిన పిల్లలకు మళ్లీ కొలతలు తీస్తామన్నారు. అందుకూ ఇప్పుడే కృతజ్ఞతలు.