మా ఇంటి కరెంటు మళ్ళీ మా ఖాతాకు వచ్చింది: కృతజ్ఞతలు

బ్రిటన్‌లోని రెడింగ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉంటున్న తెలుగు మిత్రులందరికీ నమస్కారం. మేము అడగకుండానే మరొక కంపెనీకి మారిపోయిన మా ఇంటి కరెంటు కనెక్షన్ తిరిగి పాత కంపెనీకి వచ్చిందనీ, మధ్యకాలానికి మా మీద వేసిన బిల్లు పూర్తిగా రద్దయిందనీ తెలియజేస్తూ నిన్న సాయంత్రం ఉత్తరం అందింది. పాప నిద్రపోయాక దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఒంట్లో ఓపిక లేకపోయినా, ఇంకా ఆలస్యం చేస్తే సరిగ్గా చెప్పలేనేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మేముంటున్నది పాతకాలపు ఇంటిని రెండు వాటాలుగా విడదీసిన భవనం. కింది వాటా ఫ్లాట్ 1, పైన ఉన్న మాది ఫ్లాట్ 2. అయితే మీటర్ల కేంద్ర రికార్డులో మా వాటా ‘ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్’ అని నమోదై ఉంది. కింది వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి తన ఇంటికి ఒక కంపెనీని ఎంచుకున్నప్పుడు, ఆ కంపెనీ వారు ఫ్లాట్ 1ని, ఫస్ట్ ఫ్లోర్‌ని ఒకటిగా భావించి, మా మీటరుకు చెందిన 13 అంకెల ఎంపాన్ సంఖ్యను తమ దరఖాస్తులో చేర్చారు. బ్రిటన్‌లో సరఫరాదారు మారడం ఆ సంఖ్యను బట్టే జరుగుతుంది కనుక, ఇంట్లో ఒక్క తీగ కదలకుండానే మా కనెక్షన్ వారి చేతికి వెళ్ళిపోయింది. 2022 నుంచి ఇక్కడ ఈ మార్పు 5 పనిదినాల్లో పూర్తయ్యే ఏర్పాటు ఉంది. పొరపాటు మార్పు కూడా అంతే వేగంగా పూర్తవుతుంది. దాన్ని సరిదిద్దేటప్పుడు మాత్రం ఆ వేగం ఎవరిలోనూ కనిపించదు.

మా ఇంట్లో గ్యాస్ లేదు. రాత్రి 7 గంటల పాటు తక్కువ రేటుకు వచ్చే కరెంటుతో వేడిని నింపుకొని పగలు విడుదల చేసే స్టోరేజ్ హీటర్లే మాకు ఆధారం. అందుకే మా మీటరులో పగటి వాడకం, రాత్రి వాడకం విడివిడిగా నమోదవుతాయి. కొత్త కంపెనీ పంపిన మొదటి బిల్లు చూసి నాకు చెమటలు పట్టాయి. ఆ రోజే ముందుగదిలో హీటరు ఆపేశాను. నాకు పురుడు పోయడానికి కాకినాడ నుంచి వచ్చిన అమ్మ, తన గదిలోని హీటరు కూడా తానే ఆపేసి, శాలువా కప్పుకొని, పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. మీటరుకొక సర్వీసు నంబరు, ఊరంతటికీ ఒకే పంపిణీ సంస్థ, నెలనెలా వచ్చి రీడింగు తీసి అక్కడికక్కడే బిల్లు చేతికిచ్చి వెళ్ళే మనిషి, ఇంతవరకే తెలిసిన ఆమెకు, మనం అడగకుండా మన కరెంటు ఇంకొకరికి ఎలా వెళ్తుందో నేను ఎంత చెప్పినా నచ్చజెప్పలేకపోయాను.

ఇక్కడ నా బాధ కూడా చెప్పుకోనివ్వండి. నియమాలు లేకపోవడం వల్ల మాకు ఈ కష్టం రాలేదు. ఇలాంటి దాన్ని ఇక్కడ ఎర్రోనియస్ ట్రాన్స్‌ఫర్ అంటారు. వినియోగదారు పాత కంపెనీకి గాని, కొత్త కంపెనీకి గాని, ఎవరో ఒకరికి చెబితే చాలునని, మిగిలిన సంగతి ఆ ఇద్దరూ తమలో తాము తేల్చుకోవాలని పద్ధతి ఉంది. 20 పనిదినాల్లోగా ఏం జరగబోతోందో మనకు తెలియజేయాలి. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిర్దేశించిన ప్రమాణాలను పాటించకపోతే పరిహారం చెల్లించాలి. 30 పౌండ్లుగా ఉన్న ఆ మొత్తాన్ని 2025లో 40కి పెంచారు. కానీ పాత కంపెనీకి ఫోన్ చేస్తే కొత్తవారిని అడగమన్నారు, కొత్తవారిని అడిగితే పాతవారే మొదలుపెట్టాలన్నారు. మా పేరున ఖాతా ఉంటే తప్ప మాతో మాట్లాడటం కుదరదని చెప్పి కొత్త కంపెనీ వారే ఖాతా తెరిపించారు; తరువాత ఆ ఖాతానే చూపించి, మేము ఇష్టపడే వచ్చామని వాదించారు. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటి నుంచి. పసిబిడ్డను భుజాన వేసుకొని గంటల తరబడి ఫోన్‌లో సంగీతం వింటూ నిలబడే మనిషి ఒకరు ఉంటారని ఈ పద్ధతులు రాసినవారు ఆలోచించారో లేదో నాకు తెలియదు. ఇక్కడి ఇళ్ళకు కరెంటు కంపెనీని ఎంచుకునే వీలు 1999 నాటికే వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఒకే గుమ్మంలోని రెండు వాటాలను వేరుగా గుర్తించలేకపోవడం క్షమించదగిన విషయం కాదు.

బాకీ వసూలు సంస్థ నుంచి ఉత్తరం వచ్చిన మరునాడు, కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకొని, ఇలాంటి చిక్కుల్లో ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టారు. ఉద్యోగ జీవితమంతా ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగులు తీసిన మనిషి. నేను యథాప్రకారం మొదటి నుంచి కథ చెప్పబోతే, ‘ముందు మీటరు ఫోటో చూపించండి’ అన్నారు. కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూశారు. తరువాత ఆ బిల్లును పక్కన పెట్టుకొని, మా ఇంట్లో హీటర్లు ఎప్పుడు వేడెక్కుతాయో, గీజరు ఏ వేళ పనిచేస్తుందో, బట్టలు ఎప్పుడు ఉతుకుతామో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. స్టోరేజ్ హీటర్లున్న ఇంట్లో చలికాలంలో రాత్రి వాడకమే ఎక్కువ ఉండాలి. బిల్లులో మాత్రం పగటి వాడకం అంతకు కొన్ని రెట్లు ఉంది. కొత్త కంపెనీ వారు మా మీటరులోని రెండు రీడింగులనూ తారుమారుగా ఎక్కించుకున్నారు. రాత్రి వాడిన చౌక కరెంటుకంతా పగటి రేటు పడింది. అన్ని ఫోన్లలోనూ, అన్ని ఉత్తరాలలోనూ ఎవరి కంటికీ కనబడని ఆ తప్పు ఆయనకు మా ఇంటి దినచర్య విన్నంతలోనే దొరికింది.

ఆ తరువాత ఆయన చేసిన పని ప్రతి అడుగూ నాకు గుర్తుంది. రెండు వాటాల మీటర్ల మీద ఉన్న క్రమసంఖ్యలనూ ఎంపాన్ సంఖ్యలనూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, ఏది ఎవరిదో గీతలు గీసి చూపించారు. నా ఎదుటే స్పీకర్ పెట్టి పాత కంపెనీకి ఫోన్ చేసి, ఇది ఎర్రోనియస్ ట్రాన్స్‌ఫర్ కిందే నమోదు కావాలని స్పష్టంగా చెప్పి, నమోదు సంఖ్య చెప్పించుకున్నాకే పెట్టేశారు. ఫిర్యాదు చేసి 8 వారాలు గడిచినా తేలకపోతే, కరెంటు, గ్యాస్ కంపెనీల మీద తగవులు తీర్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్ళవచ్చునని, దాని నిర్ణయాన్ని మనం ఒప్పుకుంటే కంపెనీ తప్పక పాటించవలసిందేనని వివరించి, అందుకోసం ఫిర్యాదు తేదీని ఉత్తరంలో మొదటి వాక్యంలోనే రాయించారు. ఇంట్లో 5 ఏళ్ళలోపు బిడ్డ ఉంది కాబట్టి, ప్రత్యేక సాయం అవసరమైన ఇళ్ళ జాబితా అయిన ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో మా పేరు చేర్పించుకోవచ్చని కూడా ఆయనే చెప్పారు. అంతవరకు ఎవరూ చెప్పలేదు. కార్యాలయం మూసే వేళ దాటింది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

ఇదంతా ఆయన నేర్పు. నన్ను కదిలించింది వేరే విషయం. రెండు మూడు రోజుల తరువాత కార్యాలయం నుంచి ఆయన ఫోన్ చేశారు. కంపెనీ నుంచి ఏమైనా కబురొచ్చిందేమో అడుగుతారనుకున్నాను. ‘ఇల్లు వెచ్చగా ఉందా? మీ అమ్మగారి గదిలో హీటరు వేస్తున్నారా?’ అని అడిగారు. మేము హీటర్లు ఆపేస్తున్నట్టు ఆయనతో నేను అననే లేదు. చలికి ముడుచుకొని బిల్లు కోసం భయపడే ఇళ్ళను ఎన్నింటిని చూసి ఉంటారో! నేను జవాబు చెప్పలేకపోయాను, ఫోన్ పట్టుకొని ఏడ్చేశాను. ఆయన తొందరపెట్టలేదు, ఓదార్పు మాటలూ చెప్పలేదు. నా ఏడుపు ఆగేదాకా ఉండి, ‘ఈ అప్పు మీది కాదమ్మా. ఈ రాత్రికి హీటర్లు వేయండి’ అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఉన్న హీటర్లన్నీ వేశాను.

పాత కంపెనీ మమ్మల్ని మధ్యలో వదలనే లేదన్నట్టుగా ఖాతాను పునరుద్ధరించి, సరైన రీడింగులతో మా పాత రేటుకే లెక్క కట్టింది. కొత్త కంపెనీ తన బిల్లును, దాని వెంట వచ్చిన బాకీ ఉత్తరాలను ఉపసంహరించుకుంది. పరిహారం కూడా వచ్చింది, అయితే అడిగాకే. ఇలాంటిది మీకు జరిగితే మీటరు ఫోటో వెంటనే తీసి పెట్టుకోండి, మీరు కోరని ఖాతా తెరవడానికి మాత్రం ఒప్పుకోకండి.

మావారు సెలవులు పెట్టారు, అమ్మ పాపను చూసుకుంది, తమ్ముడు కాకినాడ నుంచే ధైర్యం చెప్పాడు. వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు.

రాయడం ముగించబోతుంటే మరికొందరు గుర్తుకొచ్చారు. పాత కంపెనీ అంచనా రీడింగుతో చివరి బిల్లు వేసి డైరెక్ట్ డెబిట్‌లో తీసుకున్న డబ్బును, ఆ విధానానికున్న హామీ ప్రకారం వెనక్కి ఇప్పించిన బ్యాంకు ఉద్యోగినికి ధన్యవాదాలు. నేను పాపతో వరుసలో నిలబడితే తన కుర్చీ తెచ్చి వేసిన కార్యాలయపు రిసెప్షన్ అమ్మాయికి, మీటరు గది తాళంచెవి అడిగిన వెంటనే ఇచ్చిన ఇంటి ఏజెంటుకు, అర్ధరాత్రి నా ఆంగ్ల ఉత్తరాన్ని దిద్దిపెట్టిన స్లౌ ఊరి అక్కకు కూడా. అన్నిటికన్నా ముందు చెప్పవలసిన కింది వాటా అమ్మాయిని ఇంతవరకు మరిచిపోయాను. తన తప్పేమీ లేకపోయినా ఎన్నోసార్లు మెట్లెక్కి వచ్చి క్షమాపణ అడిగింది, తన మీటరు ఫోటోలు, ఒప్పందం ప్రతి అన్నీ ఇచ్చింది. ఆమె మీటరు ఇంకా పాత అద్దెదారు ఎంచుకున్న కంపెనీ దగ్గరే ఉండిపోయింది, ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. శుక్రవారం ఆమెను వెంటబెట్టుకొని అదే కార్యాలయానికి వెళ్తున్నాను.