శాసనసభ పాత చర్చలను వెతకగలిగేలా అందించండి: స్పీకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పీకర్ గారికి నమస్కారాలు.

వినతిపత్రాలకు సమాధానం రానందున ఈ లేఖను ప్రజల సమక్షంలో రాస్తున్నాం.

పి.వి. నరసింహారావు గారు 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యులు. న్యాయం, దేవాదాయం, వైద్యం, విద్య శాఖలు చూసి, 1971 సెప్టెంబరు 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితిగా పెట్టిన భూసంస్కరణల బిల్లు ఆయన హయాంలోనే సభకు వచ్చింది. ఆ పరిమితిని ఎవరు సమర్థించారో, ఎవరు అడ్డుకున్నారో తెలిపేది చర్చల సంపుటాలే.

పేజీలను ఫోటోల్లా స్కాన్ చేసి పెడితే అందులో ఒక్క మాటా వెతకలేం. ఒకే రోజు చర్చలో తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ కలిసి వస్తాయి. అరిగిన సీసపు అచ్చులో వత్తులు చెదిరి, పేజీ బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రం ‘క్త’ను ‘క్ర’గా చదువుతుంది. ‘నరసింహారావు’, ‘నరసింహరావు’ వేర్వేరు మనుషులైపోతారు. పరిశోధక విద్యార్థి ఒక్క ప్రసంగం కోసం సంపుటమంతా తిరగేయాలి. సీలింగు భూమి (పరిమితికి మించి ఉన్నందున తీసుకుని పంచిన భూమి) దక్కిన కుటుంబాల పిల్లలకు ఆ హక్కు వెనుక జరిగిన వాదం అందనే అందదు.

కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. యంత్రం చదివినదాన్ని తెలుగు, ఉర్దూ వచ్చినవారితో సరిచూపించండి. ప్రతి ప్రసంగానికీ సభ్యుని పేరు, నియోజకవర్గం, అప్పటి శాఖ, తేదీ జోడించండి. ముందుగా 1957–1973 సంపుటాలు చేపట్టి, పూర్తిచేసే తేదీని సభలోనే ప్రకటించాలని కోరుతున్నాం.

భవదీయులు,
శాసనసభ చర్చల పాఠకులు