అమ్మ చదవగలిగే ఈ-పుస్తకం కావాలి

గ్రంథాలయాల అధికారి గారికి,

నమస్కారం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు పుస్తకం కోసం శ్రీకాకుళం బస్సెక్కుతాం. అందుకే ఈ-బుక్ మాకు సరదా కాదు, అవసరం.

లైబ్రరీ ట్యాబ్‌లో అమ్మ ఓ నవల తెరిచింది. చూపు ఆనక అక్షరం పెద్దది చేస్తే లైను అంచు దాటిపోయింది. ప్రతి లైనుకూ వేలితో అటూ ఇటూ జరపాలి. నాలుగు పేజీలకే పక్కన పెట్టేసింది, పాపం! అది స్కాన్ చేసిన పీడీఎఫ్. ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలు అయితే అక్షరం పెరిగినా లైను దానంతటదే సర్దుకుంటుంది.

అచ్చు కోసం కంప్యూటర్‌లో కూర్చిన పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పుస్తకాలను, ఈపబ్ చేసేందుకు వీలుగా, అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్ అక్షరాల్లోకి మార్పించండి. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, ప్రూఫ్ చూసేవాళ్లు కావాలి. ఈ ఏడాది కొత్త ట్యాబ్‌లు కొనకపోయినా సరే, ఆ డబ్బు వాళ్లకివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు